కలుజు దారి

మా ఆఫీసు గోడకి రెండు మ్యాపులు.
ఒకటి కొత్త ప్లాను ముసాయిదా:
రంగులది, లామినేషన్ మెరుపుది.
రెండోది గుడ్డకి అంటించిన పాతది,
మడతల దగ్గర చిరిగి
పెన్న ఒడ్డున చెదలు తిన్నది.

నేను వార్డు ప్లానింగ్ సెక్రటరీని.
ఎవరి మెట్లు రోడ్డు మీదకి ఎన్నడుగులు దిగాయో
రాసుకోవడం నా ఉద్యోగం.
నన్ను చూడగానే జనం గేట్లు వేస్తారు,
కుక్కలు మాత్రం నిజాయితీగా మొరుగుతాయి.

కొత్తదాంట్లో మూడో లైను ఉన్నచోట
పాత గుడ్డ మీద ఒక నీలం గీత.
పక్కన ఎవరిదో గుండ్రటి చేతిరాత:
కలుజు కాలవ, వెడల్పు ఒక గొలుసు.
గొలుసంటే అరవై ఆరు అడుగులని
రిటైరైన చైన్‌మన్ కాలేషా చెప్పాడు.
ఇప్పుడు నేను కొలిస్తే
నాలుగడుగుల సిమెంటు డ్రైను,
దాని మీద బండ, బండ మీద ఇడ్లీ బండి.
"మిగతా అరవై రెండూ ఏమైనాయి భాయ్?"
"యాడికి పోతాయి మే,
అన్నిటికీ డోరు నెంబర్లుండాయి."

ఆ కార్తీకంలో
వాయుగుండం మూడు రోజులు నెల్లూరు మీదే కూర్చుంది.
చెరువు నిండింది, కలుజు పారింది.
నీళ్ళు ఎవర్నీ దారి అడక్కుండా వచ్చాయి,
సరిగ్గా అరవై ఆరు అడుగులు.
తెల్లారి గోడలన్నిటి మీదా ఒకే బురద గీత.
స్కేలు పెట్టినా నేనంత తిన్నగా గీయలేను.
వజ్రమ్మ కుట్టుమిషను పెడలు మీద
ఒక మట్టగిడిస ఇంకా నోరు తెరుస్తూనే ఉంది.

రోహిణిలో అదే వజ్రమ్మ
అర్ధరాత్రి డాబా మీద తడి చీర కప్పుకుని కూర్చుంది.
కింద గోడలు పగలు మింగిన ఎండని కక్కుతున్నాయి.
సముద్రం నుంచి బయల్దేరిన పైరగాలి
వీధి మొగదల దాకా వచ్చి
అయిదంతస్తుల వీపు చూసి వెనక్కి పోయింది.
"నీ టేపుతో గాలిని కొలవలేవా?" అంది.

కొలవగలను. దాన్ని సెట్‌బ్యాక్ అంటాం.
ఇంటికీ ఇంటికీ మధ్య
గాలి పేరున రాసిపెట్టిన మూడడుగులు.
అందరూ ముందు మింగేది దాన్నే.
మా మేనమామ మెట్ల కోసం ఒకసారి
నేనూ రెండడుగులకి కళ్ళు మూసుకున్నాను.

అభ్యంతరాలకి గడువు ముప్పై రోజులు.
ఇరవై ఎనిమిదో రోజు, అందరూ వెళ్ళాక,
పాత గుడ్డ మీద ట్రేసింగ్ కాగితం పరిచి
కాలవని మళ్ళీ గీయడం మొదలుపెట్టాను.
కలుజు నుంచి బాగానే నడిచిన నీలం పెన్సిలు
వజ్రమ్మ వంటింటి ముందు ఆగిపోయింది.

నీళ్ళకంటే ముందు
ఆమెకి చోటు గీయాలి.
మెరక మీద, పైరగాలి తగిలేలా,
మనవరాలు బడికి నడిచిపోయేంత దగ్గర,
ఆటోకి రోజూ అరవై రూపాయలు
పొగ చేయనక్కర్లేనంత దగ్గర.
అలాంటి చోటు ఒకటుంది, ఊళ్ళోనే ఉంది.
ముసాయిదాలో దానికి ఎర్ర రంగు పూసి
వాణిజ్య ప్రాంతం అని రాశారు.

రబ్బరు తీసుకున్నాను.
లామినేషన్ మీద రబ్బరు జారిపోతోంది.
గోటితో అంచు గీకుతున్నాను,
ఒక మూల కాస్త లేచింది.