మూరెడు దూరం

టిబిలిసిలో, వంతెన కింది అంగట్లో
వాజా నా ముందు మూడు మైకులు పరిచాడు.
మొప్పలెత్తి చేపని చూపించినట్టు
ఒక్కోదాని జాలీ విప్పి చూపించాడు.

"ఇది కండెన్సర్. మర్యాద తెలీనిది.
పక్కింట్లో చెంచా పడ్డా రాసిపెట్టుకుంటుంది.
చెమ్మ తగిలితే అలుగుతుంది.
ఇది డైనమిక్. మొండిఘటం.
మేకు కొట్టి మళ్ళీ పాడించుకోవచ్చు.
ఊరి పెద్దమనిషి లెక్క,
బెత్తెడు దూరంలో ఉన్నవాడి మాటే దీనికి మాట."

ఏం రికార్డు చేస్తావు, అన్నాడు.
ముగ్గురన్నదమ్ముల్ని. మూడు గొంతుల పాట.
"అయితే మూడు మైకులు. ముగ్గుర్నీ మూడు గదుల్లో పెట్టు.
తర్వాత నువ్వే కలుపుకో."

నాకూ అదే నయమనిపించింది.
జోకోలాకీ గెలాకీ పదకొండేళ్ళుగా మాటల్లేవు.
గడ్డిచేను గట్టు దగ్గర
రెండు బారల నేల.
ఆ రెండు బారల్లోనే ఇరుక్కుంది పాట.
పెద్దాయన బీముర్జా ఒక్కడే పైగొంతు పాడుకుంటాడు
కింద నేల లేని మేడలాగా.

కానీ నా పర్సులో ఉన్నది ఒక దూడ ఖరీదు.
మూడు మైకులూ, మూడు స్టాండ్లూ, వైర్లూ కలిపితే
జత ఎడ్లు.

అందుకని అరచేతంత రికార్డరు తీసుకున్నాను,
నెత్తిన మేకపిల్ల కొమ్ముల్లా రెండు మైకులున్నది.
చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాను:
ఫ్రిజ్ రొద, నా గుటక,
వాజా ఛాతీలో సన్నటి ఈల.
డాక్టరుకి చూపించుకో, అన్నాను.
"మంచి మైకే అన్నమాట," అని
ఇరవై లారీలు తగ్గించాడు.

కొండమీద గాలి
దాంతో ఇచ్చిన స్పాంజి టోపీని లెక్కచెయ్యలేదు.
విన్నదంతా గుడ్డ చింపుతున్న చప్పుడే.
మాక్వాలా పిన్ని పాత గొర్రెతోలు ముక్క కత్తిరించి
నాలుగు కుట్లు వేసి తొడిగింది.
గాలి నోరు మూసుకుంది.
రికార్డరు మాత్రం
తల్లి కోసం వెతుక్కునే పిల్లలా తయారైంది.

ఇంట్లో వద్దు, ఫ్రిజ్.
రాతి బురుజులో వద్దు, అన్న మాటే పదిసార్లు అంటుంది.
పశువుల కొట్టంలో గడ్డి ఉంది, గడ్డి ప్రతిధ్వనిని మేస్తుంది.
చునిరి తోలు చెమ్మకి సడలితే
పొయ్యి దగ్గర కాచి తెచ్చాం.
పాలక్యాను బోర్లించి దానిమీద రికార్డరు.

బీముర్జా గొంతెత్తగానే ఎర్రదీపం.
"రెండడుగులు వెనక్కి, మామా."
గెలా మంద్రం అందట్లేదు. "ముందుకి."
జోకోలా గొంతు గోడకి పోతోంది. "ఇటు. ఇంకాస్త."
నేను సూది మీదే చూపు పెట్టి చెబుతున్నాను,
ఇంకాస్త, ఇంకాస్త,
తలెత్తేసరికి ఆ ఇద్దరి భుజాలూ
ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.
క్యానుకి మూరెడు దూరం.
ఒక్క చెవికి అందాలంటే అంతే చోటు.

కావాలని చేశానని ఊరంతా అంది.
ఒట్టు, సూది కోసమే.

పాడారు.
అది నేను చెప్పను, కార్డులో ఉంది.
అయ్యాక ఒకరు ముందు తలుపునా
ఒకరు పేడ తలుపునా వెళ్ళిపోయారు.

రాత్రి విన్నాను.
ఆఖరి స్వరం, గడ్డి కదలిక,
అప్పుడు గెలా, పెదవి దాటని గొంతుతో:
"మూడో చరణం ముందే అందుకున్నావు."
నాలుగు సెకన్లు. లెక్కపెట్టాను.
"నువ్వే ఆలస్యం," జోకోలా.

మ్యూజియం వాళ్ళు పాట వరకే పంపమన్నారు.
తోక కత్తిరించాలి.
కత్తెర గుర్తు మీద వేలు పెట్టి
మూడు రాత్రులైంది.
బ్యాటరీ ఒక్క గీత మిగిలింది.
మళ్ళీ మొదట్నించి వింటున్నాను.
ఎడమ చెవిలో ఆవు నెమరు
ఎంత స్పష్టంగా పడిందో.