మామిడి తప్ప

దర్గా సర్కిల్ దాటినాక మూడో బండి నాది.
ఆరున్నరకు వస్తాడు ఏకాంబరం
గుజ్జు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి,
చొక్కా నిండా తోతాపురి వాసనతో.
"మామిడి తప్ప ఏదైనా ఇయ్యి మొగిలక్కా."

ఎదురుగానే బ్రాందీ అంగడి.
దానికి వీపు పెట్టి నిలబడతాడు.
మానేసినానని నోటితో చెప్పలేదు,
ఆ వీపే చెప్పింది.
బండి చెక్క మీద దినానికొక సుద్దగీత
నేనే గీస్తా ఉండా.

మొదట కివి ఇచ్చినా.
"పసిబిడ్డల టానిక్కు మాదిరుండాది" అన్నాడు.
డ్రాగన్ పండు కోసినా, పలమనేరు కాడ మనోళ్ళు పండించిందే.
పేరు వింటే నిప్పులు కక్కేట్టు,
రంగు చూస్తే పెండ్లికూతురి కోక,
నాలిక మీద పెడితే ఒట్టి నీళ్ళు.
"దీనికంటే మా సూపర్‌వైజరు మేలు,
అరిచినంత అరిచి ఒక మాటన్నా చెప్తాడు."

ఆ రాత్రి అంట్లు తోముతా అనుకున్నా:
ఈ మనిషి దాహం గొంతులో లేదు.
గుటక దిగేటప్పుడు దెబ్బ తగలాల,
ముక్కుకు ఘాటెక్కాల,
చేతికి గ్లాసు పట్టుకునే పని ఉండాల,
అది తొందరగా అయిపోకూడదు.

కొడైకానల్ లారీలో పాషన్ పండ్లు తెప్పించినా.
తోలు ముడతలు పడిందాకా ఆగాల,
నున్నగా ఉన్నప్పుడు కోస్తే పులుపు మాట వినదు.
గింజ నలక్కుండా గుజ్జు తీసి,
దంచిన అల్లం, నాలుగు మిరియాలు,
మూతెడు నన్నారి, రెండేళ్ళకు పట్టినంత ఉప్పు,
పైన గోలీసోడా.
బుస కొట్టి అంచుదాకా వచ్చి నిలబడింది.

తాగినాడు. దగ్గినాడు. కండ్లల్లో నీళ్ళు.
"ఇదబ్బా!"
తప్పిపోయినోడెవరో కనబడినట్టు.
గింజల్ని ఒక్కొక్కటే కొరుకుతా
ఏడున్నర చేసినాడు.

దానికి పేరు పెట్టలేదు.
కాలేజీ పిల్లోళ్ళు "ఏకాంబరం ఒకటి" అని అడుగుతారు,
నలభై రూపాయలు.

నిన్న రాలేదు.
పండు కోసి పెట్టుకొని ఎనిమిది దాకా ఉన్నా.
ఎదురంగడి వైపు చూడకూడదనుకుంటానే
ఎన్నిసార్లు చూసినానో.

ఈ పొద్దు వచ్చినాడు.
బాయిలరు చెడిపోయిందంట, రెండు షిఫ్టులంట.
గ్లాసు అందిస్తా కొంచెం ముందుకు వంగినా.
తోతాపురి వాసన. అంతే.

సుద్దముక్క తీసి రెండు గీతలు గీసినా.
"ఏందక్కా లెక్క?"
"పాల బాకీలే" అంటా
ఇంకొక మిరియం ఎక్కువేసినా.