ఎడమ సీటు

నా కార్లన్నిటికీ రెండు బ్రేకులు.
ఒకటి నేర్చుకునేవాళ్లకి,
ఒకటి నాకు.

మొదటిది పద్మిని.
వేలూరులో ఒక పండ్ల డాక్టరు దగ్గర కొంటిని,
ఉడకేసిన చెనిక్కాయ రంగు.
రెండో బ్రేకు యాడా దొరక్కపోతే
కొంగారెడ్డిపల్లె బుడేన్ సాయిబు
చెరుకు గానుగ పాత ఇనుము కాల్చి, వంచి
ఎడమ పక్క కాళ్ల దగ్గర అతికించె.
"ఇంగ ఎవురు నడిపినా
నీ ప్రాణం నీ కాల్లోనే ఉంటాది అయివారూ" అనె.
ముప్పై ఎనిమిదేండ్లు ఆ మాట మీదే బతికితిని.

చిత్తూరు నాకు ఎడమ కిటికీలోంచే తెలుసు.
గాంధీ రోడ్డు అంగళ్ల మెట్లు, కాలవలు,
సైకిలు తోసుకొని పొయ్యేవాళ్ల మోచేతులు,
నీవా వంతెనకి ఒక గోడ.
రెండో గోడ
తిరిగొచ్చేటప్పుడు చూస్తిని.

తరవాత అంబాసిడర్, తాలూకాఫీసు వేలంలో.
వెనక డోరుకి తాడు కట్టాల.
గేరు పడాలంటే మంచిగా అడగాల.
బెల్లం మండీ గోయిందశెట్టి దాంట్లోనే నేర్చుకొనె.
మలుపొస్తే చాలు, స్టీరింగు వదిలేసి
కాణిపాకం పక్కకి దండం పెట్టేవాడు.
వినాయకుడు ఆయన్ని చూసుకొనె,
నేను బండిని చూసుకొంటిని.

మారుతి వచ్చినంక ఆడవాళ్లు వచ్చిరి.
పెద్దాసుపత్రి నర్సులు, ఎల్లైసీ మేడము,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ల కోడలు.
మురకంబట్టు దాటినంక ఖాళీ రోడ్డు మీద కూడా
భయం వాళ్ల మెడ నరాల్లో కనిపించేది.
"ముందుకు చూడమ్మా, నా మొహం కాదు."
దినానికి నూరుసార్లు ఇదే నా పాఠం.
క్లచ్చి ప్లేటు కాలిన వాసన
సాయంత్రం నా చొక్కాలో, నా కంచంలో.
ఒకనాడు పులుసు వడ్డిస్తా ధనకోటి అడిగె:
"నాకెప్పుడు నేర్పుతావు?"
"చూద్దాంలే" అంటిని.

ఆ మారుతి అమ్మితిని. ఇంకో మారుతి కొంటిని.
ఇండికా వచ్చె, దాని పొగా వచ్చె.
కొన్న ప్రతి బండికీ టైర్ల కింద
నిమ్మకాయలు పెట్టింది ఆమే.
ఆ "చూద్దాంలే"ని మాత్రం
పాత స్టెప్నీ మాదిరి
బండి నుంచి బండికి మోసుకొస్తిని.

ఆమెకు యాభై మూడేండ్లప్పుడు
ఆల్టో ఆర్సీ కోసం బీరువా వెతుకుతుంటే
పట్టుచీర మడతలో ఒక లైసెన్సు.
ధనకోటి ఫొటో, నవ్వకుండా.
పొద్దున బ్యాచ్చికి నేనట్ల పోతానే
ఆమె ఇట్ల గ్రీమ్స్‌పేటకి పొయ్యేదంట,
చెంగల్రాయుడి స్కూలుకి, నలభై దినాలు.
ఎనిమిది మొదటిసారే వేసేసిందంట.
ఆ చెంగల్రాయుడికి నేర్పింది నేనే.

"నన్నడగకూడదా?" అంటిని.
"అడిగితి కదా" అనె.
కొంచేపు ఊరకుండి,
చీర మళ్లీ మడత పెడతా:
"నువ్వు నేర్పితే
బ్రేకు నీ కాలి కిందే ఉంటాది."

ఇప్పుడు నా కండ్లకి పొర.
బోర్డు దించేస్తిమి.
బుడేన్ సాయిబు కొడుకు రెండు స్పానర్లతో వచ్చి
పది నిమిషాల్లో రెండో బ్రేకు ఊడదీసె.
నేలకి రెండు తూట్లు మిగిలె.
వాన పడితే వాటిలోంచి
రోడ్డు తడి నా పాదానికి తగుల్తాది.

నిన్న తిరుపతి కండ్లాసుపత్రికి పోతా ఉంటే
చంద్రగిరి దగ్గర లారీ అడ్డమొచ్చె.
నా కాలు తొక్కె.
తొక్కేదానికి ఏముంది, ఉత్త రేకు.
బండి నిలబడె,
నా ఒళ్లో మజ్జిగ చెంబు తొణకనంత మెత్తగా.

ఆమె నా పక్కకి చూడలేదు.
ముందుకే చూస్తా గేరు మార్చి,
"మూత గట్టిగా పట్టుకో" అనె.