మూడో మూల

సుబేదారిలో రెండో అంతస్తు.
మూడు కుర్చీలు, బల్ల మీద రికార్డరు.
నా పరిశోధనలో ఇది పన్నెండో జంట, నాలుగో వారం.

ఓదెలు ఎనుమాముల మార్కెట్ల హమాలీ.
ఆయనకంటే ముందు ఆయన అంగీలోని మిర్చి ఘాటు
లోపలికొచ్చి నన్ను తుమ్మించింది.
స్వరూపది కొత్తవాడ, జంపఖానాల మగ్గం.
నడుమ ఏడేండ్ల లాస్య.

"మీ నాయినకు చెప్పు, కరెంటు బిల్లు కట్టలేదని."
పిల్ల ఇటు తిరిగింది.
"మీ అమ్మకు చెప్పు, వారం సంది మార్కెట్ బందున్నదని."
పిల్ల అటు తిరిగింది.
మొగడూ పెండ్లాల నడుమ మూరెడు జాగ.

నోటుబుక్కుల త్రికోణం గీసిన, బాణాలు పెట్టిన.
రెండో అధ్యాయంల దీనికి పద్దెనిమిది పేజీలున్నయి.

రాత్రి హాస్టల్ల టేపు విని టైపు చేస్తున్న.
మాట. దగ్గు. కింద బస్సు హారను.
నిశ్శబ్దం, పదకొండు సెకన్లు
అని కొట్టి, ఎందుకో వెనక్కి తిప్పిన.
నిశ్శబ్దం కాదది.
లాస్య లోలోపల గొణుగుతున్నది,
చెప్పాల్సిన మాటను ముందుగాల నమిలి మెత్తగ చేస్తున్నది:
"కట్టలేదంట... రేపు కడ్తవా నాయినా, అంటున్నది అమ్మ."

అమ్మ అనలేదు ఆ మాట.

జమ్మికుంటల మా వంటింటి నుంచి అరుగు దాకా
పదమూడు అడుగులు.
"చారు విషమున్నదని చెప్పు" అని బాపు పంపితే
"ఇంకింత పొయ్యిమన్నడమ్మా" అని అందించేదాన్ని.
ఆ ఇంటికి మొదటి థెరపిస్టును నేనే.
డిగ్రీ లేదు, ఫీజు బెల్లం ముక్క.

మరుసటి వారం లాస్యకు రంగు పెన్సిళ్లిచ్చి
వరండాల కూసోబెట్టిన.
లోపల ఫ్యాను తిరిగింది. చానా సేపు తిరిగింది.
ఓదెలు కిటికీతోటి అన్నడు:
"ఎంతొచ్చింది బిల్లు?"
స్వరూప అలవాటుగ ఖాళీ కుర్చీ దిక్కు తిరిగి,
అక్కడ ఎవరూ లేక,
మెల్లగ ఇటు తిరిగింది.
"ఆరు వందల నలభై."

మా గైడు పెన్సిలుతో అడిగిండు మార్జిన్ల:
ఈ ఆరు వందల నలభై ఏ అంశం కిందికొస్తది?
ఇంకా జవాబు రాయలే.

ఆ దినం బయటికొస్తుంటే లాస్య
నా చున్నీ పట్టుకొని గుంజింది.
"మేడం, ఏమనుకున్నరు లోపల?"

నోటి దాకా వచ్చింది. తియ్యగ చేసి చెప్పొచ్చు,
నాకు చాతనైన పనే.
"బొమ్మ చూపియ్యి" అన్న.
ఇల్లు గీసింది. తలుపు గీయడం మరిచింది,
లేక కావాలనే వదిలేసిందో,
అడగలే.