ఎర్ర గడి

ట్యాబ్ మీద వేలు పెట్టించాను.
గోరు చుట్టూ మినప్పిండి.
యంత్రం పోల్చుకోలేదు.
చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది దాలమ్మ.
ఈసారి పోల్చుకుంది.
ఎంత బాగా పోల్చుకుందంటే
మొగుడికి తెలియనివి కూడా చెప్పేసింది.

మూడు కంపెనీలు, మూడు బాకీలు.
సోమవారం ఒకరు, బుధవారం ఒకరు, గురువారం ఒకరు.
శుక్రవారం ఖాళీ.
ఆ ఖాళీ కోసమే నేను పార్వతీపురం నుంచి
బండి మీద కొండలు దాటి వచ్చాను.

గడి ఎర్రబడింది.
ముగ్గురు ఇచ్చాక నాలుగోవాడు ఇవ్వరాదు.
రూలు ఇంగ్లీషులో ఉంది, ఒడియాలో ఉంది.
రాయగడ స్టేషను రోడ్డులో, పొద్దున్న ఆరున్నరకి,
విశాఖ పాసింజరు కూత మధ్యన
దాన్ని తెలుగులో చెప్పాల్సింది నేను.

ఇడ్లీ రేకుల మీద తడిగుడ్డ సర్దుతూ విన్నది.
"ముగ్గురేనేటి బాబూ?
మొదటోడిని నానడగనేదు.
ఆడే వచ్చి అడిగినాడు, అప్పు కావాలా అని.
మొదటోడికి కట్టడానికి రెండోడిచ్చినాడు,
రెండోడికి మూడోడు.
మరి మూడోడికెవుడు?
సగం తోవలో గోడ కట్టీసి ఎనక్కెల్లమంటే
ఎనకాతల తోవేదీ?"

దీనికి జవాబు శిక్షణలో ఇచ్చారు,
లామినేషన్ చేసిన అట్ట మీద.
ఇది జనం మునిగిపోకుండా వేసిన గట్టు, అని.
అబద్ధమేం కాదు. గట్టే.
కానీ నేను నాగావళి ఒడ్డున పుట్టినవాణ్ణి.
నీళ్లు పీకలదాకా వచ్చాక వేసిన గట్టు
ఎవర్ని లోపల ఉంచేస్తుందో చూశాను.

ఆమె మొగుడు దాలినాయుడు
కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ.
వెదురు నానిన వాసన చొక్కా విప్పినా పోదు.
జీతం పేరుకి పదో తారీకు.
చేతికొచ్చేది పద్దెనిమిదికి.
మధ్యలో ఆ ఎనిమిది రోజులు,
ఆ సందులోనే ఈ ఊళ్లో
ఇన్ని ఫైనాన్సు బోర్డులు మొలిచాయి.

మళ్లీ శుక్రవారం
పక్కింటి సుకాంతి మినియాకాని వెంటబెట్టుకొచ్చింది.
ఇరవై రెండేళ్ల పిల్ల. ఎవరికీ పైసా బాకీ లేదు.
ఆధార్ కొట్టగానే
వరిమడిలా పచ్చగా వెలిగింది తెర.
దేనికి అప్పు?
"మేకలు," అంది దాలమ్మ.
ఆ పిల్లకి మేకల్లేవు.
ఫోన్ నంబరు దాలమ్మది. నాకు కంఠస్థం.
రూలు కార్డుల్ని లెక్కపెడుతుంది,
పొయ్యిల్ని లెక్కపెట్టదు.
నా టార్గెట్టుకి ఇంకా ఒకటి తక్కువ.
నేనేమీ అనలేదు.

సుకాంతే అడిగింది, వచ్చీరాని తెలుగులో,
"అక్క కట్టకపోతే, నా పేరా?"
నీ పేరే, అన్నాను.
సరే అన్నట్టు తలూపి
వేలు ముందుకు చాపింది.

తెరకీ వేలికీ మధ్య
జానెడు కూడా లేదు.
దాలమ్మ ఆ మణికట్టు పట్టుకుని
పక్కకి లాగేసింది, వేడి గిన్నె మీంచి
చంటిదాన్ని లాగినట్టు.
"ఒగ్గీ.
దీని పేరైనా పచ్చగా ఉండనీ."

ఆ వారమే గ్రైండరు అమ్మేసిందట.
మూడోవాడికి రెండు వాయిదాలు తీరాయి.
పిండి రుబ్బురోట్లోకి దిగింది.
ఒకరు తిప్పుతుంటే ఒకరు తోస్తున్నారు,
ఒకరు తెలుగులో, ఒకరు కువిలో
ఎవర్నో తిట్టుకుంటూ.
ఇద్దరూ నన్నే తిడుతున్నారేమో, అడగలేదు.

నెలాఖరు. ఇరవై ఏడో తారీకు.
ఇడ్లీ బరకగా ఉంది. నాలుగు తిన్నాను.
స్కాన్ చేస్తే బ్యాలెన్సు లేదంది ఫోను.
అదే ఫోన్లో మూడు అప్పుల యాప్‌లున్నాయి,
పెట్రోలుకొకటి, గది అద్దెకొకటి,
ఆ రెండూ కట్టడానికొకటి.
బయటివాళ్లకి చెప్పలేదు. ఇంట్లోవాళ్లకీ చెప్పలేదు.

దాలమ్మ నా మొహం చూసింది.
ఆమెకు యంత్రం అక్కర్లేకపోయింది.
"తినీసి ఎల్లు బాబూ, రాసుకుంతాను,"
అని బల్ల చెక్క మీద సుద్దముక్కతో
నా పేరూ, ఇరవై నాలుగు రూపాయలూ గీసింది.

నాలుగోది.
ఎక్కడా ఏ గడీ ఎర్రబడలేదు.