ఇచ్చయ్య నోటీసు

నోటీసు మీద పేరు విచియన్ బున్‌లుయాంగ్.
ఇసకపల్లి రేవులో ఆ పేరు అడిగితే
వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు తలెత్తలేదు.
"రొయ్యల ఇచ్చయ్యా? అట్టా చెప్పు సామీ.
కాలవ దాటినాక, తుమ్మల కాడ, పాత హేచరీ."

నేను స్పెషల్ బ్రాంచి హెడ్ కానిస్టేబుల్ని.
విదేశీయుల రిజిస్టరు నా బల్లమీదే ఉంటుంది.
వీసా తీరిన నాటినుంచి రోజులు కట్టమన్నారు సారు.
లీపు సంవత్సరాలు వదలకుండా కట్టాను:
పదివేల రెండువందల పద్నాలుగు.
నా సర్వీసుకన్నా నాలుగు నెలలు ఎక్కువ.

టైగరు రొయ్య బంగారం ధర పలికిన ఏడు
బ్యాంకాకు నుంచి పిలిపించారంట ఇతన్ని,
తల్లిరొయ్య కంటికాడ నొక్కి గుడ్లు పెట్టించే
ఒడుపు తెలిసిన చేతులని.
తర్వాత తెల్లమచ్చ వచ్చింది.
చెరువులు కుళ్ళినాయి. ఓనరు మద్రాసు రైలెక్కి
మళ్ళీ ఫోనెత్తలేదు.
ఏడు నెలల జీతం, బీరువాలో పాస్‌పోర్టు,
బీరువా తాళంచెవి, మూడూ ఆయన వెంటే పోయినాయి.
ఇతను మిగిలాడు మోటారు షెడ్డులో,
పాటు తీసినాక ఇసకగుంటలో నిలిచిన నీళ్ళలాగా.

నేను పోయేసరికి పంచె ఎగ్గట్టి
మేత తట్టలో మిగిలిన గింజలు లెక్కబెడుతుండాడు.
డెబ్భై నాలుగేళ్ళు. కొంగకాళ్ళు.
"కూకోండి సార్. నీళ్ళు కాస్త ఉప్పు తగల్తాయి"
అన్నాడు, అచ్చం మా అత్తగారి ఊరి యాసలో.

ఫారం తీశాను.
దేశంలోకి వచ్చిన కారణం?
"రొయ్యలు."
ఉండిపోయిన కారణం?
నా వంక కాసేపు చూసి
"రొయ్యలు పోయినాయి కద సార్" అన్నాడు.
గడిలో ఏం రాయాలో తోచక గీత కొట్టాను.
శాశ్వత చిరునామా అంటే ఏదో ఏటి పేరు చెప్పాడు.
కొయ్యకాళ్ళ మీద ఇల్లంట. డోరు నంబరు లేదంట.
బంధువులు?
అప్పుడే పామంజి కావేరమ్మ మూతపెట్టిన గిన్నె
గుమ్మంలో దించి, నా టోపీ చూసి, మాట్లాడకుండా పోయింది.
"ఆమె ఏమవుతుంది నీకు?"
"నేనే ఆమెకు బాకీ అవుతాను సార్.
పద్దెనిమిదేళ్ళ కూడు."

చెన్నై కాన్సులేటు నుంచి ఫోను వచ్చింది.
స్పీకరు పెట్టాను.
ఒక ఆడపిల్ల మాటను సాగదీసి, ఎత్తి, దించి
వాళ్ళ భాషలో ఏదో అడిగింది.
ఇతను లేచి నిలబడ్డాడు. పంచె దించుకున్నాడు.
పెదాలు కదిలినాయి.
"ఆ... చెప్పు తల్లీ" అన్నాడు.
ఆమె మళ్ళీ అడిగింది.
చాలాసేపటికి "కుంగ్" అన్నాడు. తర్వాత "నామ్".
రొయ్య. నీళ్ళు.
ఇన్నేళ్ళకు నాలిక మీద తడారనివి ఆ రెండే.
అటుపక్క ఆ పిల్ల ఏడుస్తోందో
రాసుకుంటోందో తెలియలేదు.

చట్టం తప్పని నేననను.
వచ్చినవాళ్ళ లెక్క, పోయినవాళ్ళ లెక్క దేశానికుండాల.
నిరుడు గూడూరులో దొంగ పాస్‌పోర్టుల వాణ్ణి
చొక్కా పట్టి లాక్కొచ్చింది నేనే.
కానీ జరిమానా ఇంతని చదివి వినిపిస్తుంటే
నా గొంతు నాకే ఎవరిదోలాగా ఉంది.

మబ్బు పట్టిన సాయంత్రం. జీపు కట్టమీద పోతోంది.
ఇతని ఒళ్ళో సంచి, సంచిలో రెండు పంచెలు,
ఉప్పు కొలిచే గాజు గొట్టం.
నాలుగో చెరువుకాడ డ్రైవరు భుజమ్మీద కొట్టాడు.
"ఆపబ్బయా. ఆపు."
నాకు నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.
"మీసాలు పైకి పెట్టినాయి సార్, చూడండి.
గాలందటంలా వాటికి."
అప్పటికే దిగాడు. చెప్పులు గట్టుమీద వదిలేసి
పరిగెత్తుతూ అరుస్తుండాడు:
"ఒరే శేషూ, ఫ్యాన్లెయ్యరా!
కరెంటు లేకపోతే జనరేటరు తిప్పరా!"

పారిపోతాడేమోనని డ్రైవరు నా వంక చూశాడు.

ఫ్యాన్లు ఒక్కోటీ తిరగబట్టినాయి. నురగ.
మోకాటిలోతులో నిలబడి ఇతను
వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.
వాచీ చూశాను. నెల్లూరులో ఆఫీసు మూసేసుంటారు.
ఇవాళ్టి రోజు కూడా కలపాలిక,
పదివేల రెండువందల పదిహేను.
సంచి ఒక చేత, చెప్పులు ఒక చేత పట్టుకుని
గట్టుమీద నిలబడ్డాను.