ఏకు

ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని
సాల్మన్ చేపలకు మేత వేయిస్తానని
ఫారో దీవుల్లో మా ఊళ్లో
మొరాయించిన ప్రతి పెట్టెకీ నేనే వైద్యుణ్ణి.

మంగళవారం, వానలో, మార్యున్ ఫోను.
"నా పెట్టె ఆయాసపడుతోంది.
అక్షరం కొడితే టీ మరిగాక కనపడుతోంది.
మోసుకురాలేను, నువ్వే రా.
ఎండు మాంసం కోసి పెడతాను."

ఆ రోజు గాలికి గొర్రెలు కూడా ఏటవాలుగా నడుస్తున్నాయి.
గడ్డి మొలిచిన కప్పు కింద ఒకటే గది:
బల్ల మీద తెర, బల్ల కింద పెట్టె,
పెట్టె పక్కనే రాట్నం.
ఆ ఇరుగుపొరుగు సంగతి నాకు అప్పుడే తట్టాల్సింది.

టాస్క్ మేనేజర్ తెరిచాను.
తెరుచుకోవడానికే రెండు నిమిషాలు,
పేరు చెప్పమంటే దమ్ము తీసుకునే రోగిలా.
ప్రాసెసర్: నూరు శాతం.
"నూరుకి నూరొస్తే మంచిదే కదా" అంది.
"ఇవి మార్కులు కావు, జ్వరం."

మొదట దొరికినవి రెండు యాంటీవైరస్‌లు.
ఒకటి కొన్నప్పుడు వచ్చింది, ఇంకోటి ఎవరో ఉచితంగా అంటగట్టింది.
ఒకే గుమ్మంలో ఇద్దరు కాపలాదార్లు
రాత్రింబవళ్లు ఒకరి జేబులు ఒకరు తడుముకుంటున్నారు.
ఒకణ్ణి పనిలోంచి తీసేశాను.
డెబ్బైకి దిగింది. గర్వంగా టీ తాగాను.
కప్పు కింద పెట్టేలోగా మళ్లీ నూరు.

తర్వాత బ్రౌజర్. పదిహేడు ట్యాబులు.
అందులో రేవు కెమెరా, పదకొండు రోజులుగా:
ఖాళీ గట్టు, తడి తాడు, కదలని ఒక తెల్ల సముద్రపక్షి.
"అది మూయకు."
"ఎవరైనా రావాలా?"
"ఎవరూ రారు. చూడ్డం అలవాటు."
మిగతా పదహారూ మూశాను.
సగంలో ఇరుక్కున్న అప్‌డేటుని చెయ్యి పట్టి లాగాను.
పిలవని పేరంటానికి వచ్చిన ప్రోగ్రాములు ఆరు,
మెషీన్ లేవగానే తామూ లేచేవి,
వాటిని గడప దాటించాను.
నూరు.
నూరు.
ఒక్కసారి తొంభై ఎనిమిది, నన్ను వెక్కిరించడానికి.

అప్పుడు వంగి పెట్టె మీద అరచెయ్యి పెట్టాను.
కాలింది.

వేడెక్కితే ప్రాసెసర్ తన నడక తానే తగ్గించుకుంటుంది.
కుంటేవాడికి వరండా కూడా కోసెడు దూరం.
పని పెరగలేదు, సత్తువ తగ్గింది;
నేనేమో గంటన్నరగా పనిని తిడుతున్నాను.

నాలుగు మరలు విప్పి రేకు తీస్తే
లోపల ఫ్యాను లేదు.
ఫ్యాను ఉండాల్సిన చోట బూడిదరంగు పిల్లి ఒకటి ముడుచుకుని పడుకుంది.
కాదు, ఉన్ని.
ఏళ్ల తరబడి రాట్నం దగ్గర ఎగిరిన ప్రతి నూగునీ
చల్లగాలితో పాటు పీల్చి పీల్చి
ఇత్తడి పళ్ల సందున కంబళి నేసుకుంది పెట్టె.
ఏకై వచ్చి మేకై కూర్చుందంటారే,
ఇక్కడ అక్షరాలా ఏకే.

పట్టకారుతో లాగి చెత్తబుట్ట వైపు తిరిగానో లేదో
"ఆగు" అంది.
కిటికీ వెలుగులో పెట్టి పొరలు విడదీసింది.
"ఈ గోధుమరంగు ఒంటికొమ్ము పొట్టేలుది, కొండ అంచు నుంచి జారిపోయిన ఏడు.
ఇది బ్యార్ని వాళ్ల మంద, ముతక.
ఈ నీలం..."
చాలాసేపు చూసింది.
"పడవ పందేనికి పన్నెండు టోపీలు అల్లాను.
ఓడిపోయారు వెధవలు."

ఫ్యాను తిరిగింది. ఆరు శాతం.
చూడు చూడమన్నాను. చూడలేదు.
రేవు కెమెరాలో, నేను చచ్చిందేమో అనుకున్న పక్షి
రెక్కలు దులుపుకుని ఫ్రేములోంచి ఎగిరిపోయింది.
మార్యున్ వేళ్లు అప్పటికే మెలిపెడుతున్నాయి;
దుమ్ములోంచి జానెడు దారం బయటికొచ్చింది.

"మురికిది" అన్నాను.
"ఉతికితే పోతుంది."

"రాట్నాన్ని ఆ మూలకి జరుపుదామా మరి?"
మాంసం కోస్తున్న కత్తి ఆగింది.
"పెట్టెనే జరుపు" అంది,
"రాట్నం ముందు నుంచీ ఇక్కడుంది."